ఒకే పాఠము – పెక్కు చిరునామాలు: దేశసంకేత డొమైనులలోని ప్రతిరూప వెబ్‌సైటులు

తాళపత్రగ్రంథములను పరిష్కరించు పండితులకు ఒక చిక్కు చిరపరిచితము. ఒకే కావ్యమునకు పది గ్రామములలో పది ప్రతులు లభించును. వానిలో కొన్ని అక్షరము తప్పక ఒకటిగా నుండును. కొన్నిటియందు పాఠాంతరము లుండును. ఏది మాతృకయో, ఏవి దానినుండి ఎత్తి వ్రాసిన ప్రతులో నిర్ణయింపక ముద్రణకు పూనుకొనుట తగదు. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను కడపలో పండితులను నియమించి చేయించిన పనిలో అధికభాగ మిట్టిదే.

నేడు అదే చిక్కు ఇంటర్నెట్టునందు వేఱొక రూపమున ఎదురగుచున్నది. ఒక సంస్థ తన వెబ్‌సైటును భారతదేశమున ఒక చిరునామాతోను, అమెరికాలో ఒక చిరునామాతోను, ఇంగ్లండులో మఱియొక చిరునామాతోను నెలకొల్పును. మూడింటను ఉన్న విషయ మొక్కటియే. వీనిని సరిపోల్చి, ఒకదానిని ఎన్నుకొని, తక్కినవానిని ప్రక్కనుంచు పరిష్కర్త మాత్రము మనుష్యుడు కాడు. గూగుల్, బింగ్ మొదలైన శోధనయంత్రము. అది ఏ ప్రతిని ఎన్నుకొనునో దానినే లోకము చూచును.

ఇది వ్యాపారసంస్థలకు మాత్రమే సంబంధించిన విషయమని భావింపరాదు. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి సంఘములును, పాఠశాలలును, గ్రంథాలయములును తమ ప్రకటనలను నేడు వెబ్‌సైటులయందు ఉంచుచున్నవి. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో తన బిడ్డను తెలుగు తరగతిలో చేర్పింపదలచిన తల్లి ఫోనులో వెదకినపుడు ఆమెకు మొదట కనబడునది ఈ యేటి ప్రకటనయా, లేక ఎవరును పట్టించుకొనక విడిచిన ప్రతిలోని మూడేండ్లనాటి ప్రకటనయా? గడువు తేదీ తెలియక తప్పిపోయినచో ఆ బిడ్డకు ఒక యేడు తెలుగు తప్పినట్లే. అట్టి బిడ్డలు నలుగురైదుగురు తప్పినచో తరగతియే నిలువక పోవచ్చును. కావున ఈ యంత్రము ప్రతులను ఏ విధమున పరిష్కరించునో తెలిసికొనుట సంఘనిర్వాహకులకు అవసరము.

దేశసంకేతములు

వెబ్‌సైటు చిరునామా చివర నుండు రెండక్షరముల గుర్తును దేశసంకేత డొమైను అందురు. భారతదేశమునకు డాట్ ఇన్, అమెరికాకు డాట్ యుఎస్, ఆస్ట్రేలియాకు డాట్ ఏయు, మారిషసునకు డాట్ ఎంయు, మలేషియాకు డాట్ ఎంవై – ఇట్లు ప్రతిదేశమునకు ఒక్కొక్కటి కలదు. ఏది దేశము, ఏది కాదు అను వివాదములోనికి దిగకుండుటకై, అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు ప్రకటించిన రెండక్షరముల పట్టికనే ఆధారముగా గైకొనిరి. ఈ పద్ధతిని జాన్ పోస్టెల్ 1994లో 1591వ సంఖ్య గల పత్రమున వివరించెను. డాట్ ఇన్ 1989లో ఏర్పడినది. 2005లో నియమములు సడలింపబడిన పిదప ఎల్లరకును సులభముగా లభ్యమైనది. తెలుగు లిపియందే వ్రాయదగిన డాట్ భారత్ అను డొమైను సైతము కలదు.

అన్ని దేశములును తమ సంకేతమును ఎల్లరకును ఇయ్యవు. డాట్ యుఎస్ పొందుటకు అమెరికాతో సంబంధ ముండవలెను. డాట్ ఏయు పొందుటకు ఆస్ట్రేలియాలో ఉనికి యుండవలెను; కెనడావారి డాట్ సీఏ విషయమునను నియమ మిట్టిదే. ఈ కారణముననే దేశసంకేత డొమైను శోధనయంత్రమునకు ఒక బలమైన సూచన యగును. డాట్ ఏయు ఉన్న వెబ్‌సైటు ఆస్ట్రేలియావారికై ఏర్పడినదని అది తలంచును. అయితే దీనికి అపవాదములు లేకపోలేదు. టువాలూ ద్వీపములకు చెందిన డాట్ టీవీని, ఆంగ్విల్లాకు చెందిన డాట్ ఏఐని లోకమంతయు వేఱు ప్రయోజనములకు వాడుచుండుటచే గూగుల్ వానిని దేశసంకేతములుగా గాక సామాన్య డొమైనులుగానే ఎంచుచున్నది.

తెలుగువారు మఱొక విషయమునందు మోసపోరాదు. డాట్ టెల్ అను డొమైను ఒకటి గలదు. అది తెలుగునకు ఏర్పడినది కాదు. టెలిఫోను మొదలగు సంప్రదింపు వివరముల ప్రచురణకై ఏర్పడినది. భాషకు డొమైను వేఱు, సంకేతము వేఱు. ఈ భేదము ముందు ముందు అవసరమగును.

యంత్రము ప్రతులను చూచు విధానము

శోధనయంత్రము చేయు పని మూడంచెలుగా జరుగును. మొదట అది లంకెలను పట్టుకొని పుట నుండి పుటకు తిరుగుచు సమాచారము సేకరించును. పిదప ఆ పుటలను చదివి సూచికలో చేర్చును. తుదకు ఎవరైన ఒక మాట వెదకినపుడు సూచికనుండి తగిన పుటలను వరుసగా చూపును.

ప్రతుల సమస్య రెండవ అంచెయందు వచ్చును. ఒకే పాఠము గల పుటలు కనబడినపుడు యంత్రము వానినన్నిటిని ఒక గుంపుగా చేర్చి, అందుండి ఒకదానిని ప్రధానప్రతిగా ఎన్నుకొనును. దీనినే సాంకేతికపరిభాషలో కెనానికల్ పుట అందురు. గ్రంథపరిష్కరణ పరిభాషలో మాతృక యనవచ్చును. ఫలితములలో సామాన్యముగా ఈ మాతృకయే కనబడును. తక్కిన ప్రతులు తొలగింపబడవు గాని తెరవెనుక నుండును. యంత్రము వానిని అరుదుగా మాత్రమే తిరిగి చూచును.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. ఒకే విషయమును రెండుచోట్ల ఉంచినచో శోధనయంత్రము శిక్షించునని చాలమంది నమ్ముచున్నారు. మోసగించు తలంపు లేనంతవఱకు అట్టి శిక్ష లేదని గూగుల్ సంస్థవారు 2008లోనే స్పష్టపఱచిరి. అయితే శిక్ష లేకున్నను నష్టము గలదు. ఆ నష్టము మూడు విధములు. మొదటిది, యంత్రము ఎన్నుకొను మాతృక నిర్వాహకులు కోరినది కాకపోవచ్చును. రెండవది, ఇతరులు ఇచ్చిన లంకెలు కొన్ని ఒక ప్రతికి, కొన్ని మఱొక ప్రతికి చీలిపోవుటచే ఏ ప్రతికిని తగిన బలము చేకూరదు. మూడవది, ఒక ప్రతిని సవరించి మఱొక దానిని మఱచినచో పాతవార్తయు క్రొత్తవార్తయు ఏకకాలమున లోకమున తిరుగును.

ఏ ప్రతులు ఉండవలెను, ఏవి ఉండరాదు

ఉపాయములను విచారించుటకు పూర్వము ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను. ఈ దేశమునకు వేఱు ప్రతి నిజముగా అవసరమా?

పంచాంగమును ఉదాహరణముగా గైకొనవచ్చును. తిథి అంతమగు క్షణము లోకమంతటికిని ఒక్కటే. కాని ఆ క్షణమునకు హైదరాబాదు గడియారము చూపు సమయము వేఱు, అమెరికాలోని గడియారము చూపు సమయము వేఱు. సూర్యోదయములును వేఱు. అందుచే ఒకే పండుగ ఇచట ఒక దినమునను, అమెరికాలో ముందటి దినమునను రావచ్చును. ఇట్టి పుటకు దేశమునకొక ప్రతి ఉండుట న్యాయము. అట్లే చందా మొత్తము రూపాయలలోనో, డాలరులలోనో, పౌనులలోనో తెలుపు పుటయు, స్థానిక కార్యాలయపు చిరునామా తెలుపు పుటయు వేఱుగా నుండదగును.

ఇక సంఘచరిత్ర, కవిపరిచయము, వ్యాకరణపాఠము – ఇవి ఏ దేశమున చదివినను మాఱవు. మారిషసులోని పాఠకుడును, మధురలోని పాఠకుడును చదువునది ఒకే వ్యాసమైనపుడు దానికి రెండు చిరునామాలు కల్పించుట శ్రమను పెంచుటయే గాని సేవను పెంచుట కాదు. అట్టివానికి ఒకే పుట చాలును.

కావున సూత్ర మిది: పాఠము మాఱనిచో ప్రతులను కలుపవలెను; పాఠము మాఱునపుడు ప్రతులను నిలిపి, వాని సంబంధమును యంత్రమునకు తెలుపవలెను.

కలుపుటకు రెండు ఉపాయములు

మొదటిది శాశ్వతముగా దారి మఱలించుట. పాత చిరునామాకు వచ్చిన వానిని సర్వరు తనంతట తానే క్రొత్త చిరునామాకు పంపును. దీనికి 301 అను సంఖ్య గుర్తు. ఇల్లు మాఱినవాడు తపాలా కార్యాలయమున క్రొత్త చిరునామా నమోదు చేయించుకొనుట వంటి దిది. 302 అను సంఖ్య గల మఱలింపు తాత్కాలికము. శాశ్వతముగా మాఱినపుడు దానిని వాడుట తగదు. మఱలింపును కనీస మొక సంవత్సరమైనను నిలుపవలెను. పాత డొమైనునకు రుసుము చెల్లించుట వెంటనే మానివేసినచో మఱలింపు నశించును. అంతేగాక ఆ పేరును పరులు కొని తమ ప్రయోజనమునకు వాడుకొనవచ్చును. ఒక సంఘపు పాత పేరు జూదపు ప్రకటనలకు నెలవగుట నిర్వాహకులకు ఎంత తలవంపులో వేఱుగా చెప్పనక్కఱలేదు.

రెండవది మాతృకను ప్రకటించుట. రెండు పుటలను అట్లే యుంచి, ప్రతియొక్క శీర్షభాగమున ‘దీనికి మాతృక ఫలానా పుట’ అని ఒక పంక్తి వ్రాయుదురు. ఇదియే రెల్ కెనానికల్ అను గుర్తు. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్టు సంస్థలు మూడును 2009 ఫిబ్రవరిలో కలిసి దీనిని ప్రవేశపెట్టినవి. అదే సంవత్సరము డిసెంబరులో గూగుల్ వేర్వేఱు డొమైనుల నడుమ సైతము దీనిని అంగీకరించినది. అయితే ఇది ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే. యంత్రము దీనితోపాటు లంకెలను, మఱలింపులను, సైటుపటమును గూడ పరిశీలించి తుదినిర్ణయము చేయును. ఇవన్నియు ఒకే మాట చెప్పినపుడు సూచన బలపడును; ఒక్కొక్కటి ఒక్కొక్క మాట చెప్పినపుడు యంత్రము తన ఇచ్చవచ్చినట్లు ఎన్నుకొనును.

కొందఱు ప్రతిని దాచుటకై రోబోట్స్ అను ఫైలునందు నిషేధము వ్రాయుదురు. ఇది తప్పుదారి. నిషేధించిన పుటను యంత్రము చదువజాలదు. చదువనిదే అది ప్రతియని గుర్తింపజాలదు. తలుపు మూసినవాడు లోపల ఎవరును లేరని నమ్మింపజాలడు గదా.

నిలుపుటకు ఉపాయము

దేశమునకొక ప్రతి నిజముగా అవసరమైనపుడు పనికివచ్చునది హెచ్‌రెఫ్‌లాంగ్ అను గుర్తు. ఒకే భాషను వేర్వేఱు దేశములకై వ్రాసిన పుటల సంబంధమును తెలుపుటకు గూగుల్ 2011 డిసెంబరులో దీనిని విస్తరించినది. ఈ గుర్తునందు మొదట భాషాసంకేతమును, పిదప కావలసినచో దేశసంకేతమును వ్రాయవలెను. తెలుగు భాషకు సంకేతము టిఇ. కావున భారతదేశపు తెలుగు పుటకు టిఇ-ఐఎన్ అనియు, మారిషసు తెలుగు పుటకు టిఇ-ఎంయు అనియు, అమెరికా తెలుగు పుటకు టిఇ-యుఎస్ అనియు వ్రాయుదురు. ఏ దేశమునకును చేరని పాఠకునికై ఎక్స్-డిఫాల్ట్ అను గుర్తు 2013లో చేర్చబడినది.

ఈ గుర్తునకు ప్రాణము పరస్పరత. భారతదేశపు పుట మారిషసు పుటను తనకు జోడుగా చెప్పినచో, మారిషసు పుటయు భారతదేశపు పుటను అట్లే చెప్పవలెను. లేనిచో యంత్రము ఆ మాటను విశ్వసింపదు. పరాయి సైటును ఎవరో తమ జోడుగా చెప్పుకొని దాని స్థానము కాజేయకుండుటకే ఈ నియమము. ప్రతి పుటయు తన్ను గూడ పేర్కొనవలెను. భారతదేశము, మారిషసు, అమెరికా, బ్రిటను – ఈ నాలుగింటికి నాలుగు పుటలున్నచో ఒక్కొక్క పుటలో నాలుగేసి చొప్పున పదునాఱు పంక్తులు. ఎక్స్-డిఫాల్ట్ చేర్చినచో ఇరువది. నూఱు పుటలున్న సైటునకు ఈ లెక్క ఎంత పెరుగునో ఊహింపవచ్చును. అందుకే పెద్ద సైటులవారు ఈ పంక్తులను పుటలయందు వ్రాయక, సైటుపటమను ఒక్క ఫైలునందు చేర్చుదురు. సంచికలు పీడీఎఫ్ రూపమున నున్నపుడు సర్వరు పంపు శీర్షికలయందు ఈ గుర్తు నుంచవచ్చును.

ఇచట పలువురు చేయు తప్పులు నాలుగు గలవు.

మొదటిది సంకేతముల తారుమారు. బ్రిటను డొమైను డాట్ యుకె. కాని ప్రమాణపట్టికలో ఆ దేశపు సంకేతము జిబి. కావున టిఇ-యుకె అని వ్రాసినచో చెల్లదు. టిఇ-జిబి అని వ్రాయవలెను.

రెండవది భాషను విడిచి దేశమును మాత్రమే వ్రాయుట. మొదటి స్థానము ఎల్లప్పుడును భాషదే. కెఎన్ అనునది భాషగా కన్నడము, దేశముగా సెయింట్ కిట్స్ నెవిస్ ద్వీపములు. ఎంఆర్ అనునది భాషగా మరాఠీ, దేశముగా మారిటేనియా. స్థానము తప్పినచో అర్థము సముద్రము దాటిపోవును.

మూడవది పరస్పరవిరుద్ధముగా మాటలాడుట. మారిషసు పుట ఒకవంక ‘నాకు మాతృక భారతదేశపు పుట’ అని కెనానికల్ గుర్తుతో చెప్పి, మఱొకవంక ‘మారిషసువారికి నన్నే చూపుడు’ అని హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తుతో చెప్పును. ఒకే నోట రెండు సాక్ష్యములు చెప్పినవాని మాటను ఏ న్యాయస్థానమును గైకొనదు. నిలుపదలచిన ప్రతి పుటయు తనకు తానే మాతృక యని ప్రకటింపవలెను.

నాలుగవది, చూడవచ్చినవాని దేశమును ఊహించి బలవంతముగా ఆ దేశపు ప్రతికి మఱలించుట. గూగుల్ యంత్రము అధికభాగము అమెరికా నుండియే తిరుగును. అట్టి మఱలింపు ఉన్నచో దానికి అమెరికా ప్రతి తప్ప తక్కినవి ఎన్నటికిని కనబడకపోవచ్చును. మఱలించుటకు మాఱుగా, పుట పైభాగమున అన్ని ప్రతులకు లంకెలుంచి పాఠకునికి ఎన్నుకొను స్వేచ్ఛ నిచ్చుట మేలు.

బింగ్ శోధనయంత్రము హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తును అల్పముగానే గణించి, పుటలోని భాషాప్రకటనకు ఎక్కువ విలువ నిచ్చును. కావున రెండును ఉంచుట క్షేమము. గూగుల్ విషయము దీనికి భిన్నము. పుటయొక్క భాష ఏదో నిర్ణయించుటకు అది ప్రకటనలను నమ్మక, కంటికి కనబడు పాఠమునే చదువును. దీనినుండి తెలుగువారు గ్రహింపవలసిన పాఠ మొకటి గలదు. యూనికోడునకు పూర్వపు డీటీపీ అక్షరములతో కూర్చిన సంచికలు మనుష్యుని కంటికి తెలుగుగానే కనబడును గాని యంత్రమునకు అర్థములేని ఆంగ్లాక్షరముల పోగుగా తోచును. అట్టి పాఠమునకు ఎన్ని గుర్తులుంచినను ఫలము లేదు. మొదట దానిని యూనికోడు తెలుగులోనికి మార్చవలెను.

రాష్ట్రేతరాంధ్రుల ప్రత్యేకస్థితి

ఇంతవఱకు చెప్పినదంతయు దేశములకు సంబంధించినది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలోని తెలుగువారు ఉన్నది ఒకే దేశమున. హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తు దేశము వఱకే పోవును, రాష్ట్రమును ఎఱుగదు. బెంగుళూరు తెలుగువారికొకటి, చెన్నై తెలుగువారికొకటి యని వేర్వేఱు గుర్తు లుంచుటకు వీలులేదు. రెండును టిఇ-ఐఎన్ మాత్రమే. కావున ఊరిపేరు ఒక్కటి మార్చి ఒకే వ్యాసమును ఐదు శాఖల సైటులయందు ఉంచినచో, యంత్రము వానిలో ఒకదానిని ఎన్నుకొని నాలుగింటిని తెరవెనుకకు పంపుట సంభవము. దీనికి విరుగుడు ఒక్కటే. ఉమ్మడి విషయము ఒక్కచోట నుండవలెను. ప్రతిశాఖయు తన పుటలో తన ఊరి విషయమునే వ్రాయవలెను. అచటి పాఠశాల చిరునామా, ఈ యేటి చేర్పుల తేదీ, అచటి తెలుగు వీధుల చరిత్ర, ఆ ప్రాంతపు పలుకుబడి – ఇవి ఎవరికి వారివే. వీనికి ప్రతి యుండదు.

భాషాసంకేతము మాత్రము వీరికి మిక్కిలి ఉపకరించును. తమిళనాడులోని తెలుగు కుటుంబములలో తెలుగు మాటలాడియు తెలుగు లిపి చదువజాలని యువకులు పెక్కుమంది గలరు. వారికై తమిళమున ఒక పుట వ్రాసినచో అది తెలుగు పుటకు ప్రతి కాదు, అనువాదము. యంత్రమును అట్లే గ్రహించును. టిఎ అను గుర్తుతో తమిళమును, కెఎన్ తో కన్నడమును, ఓఆర్ తో ఒడియాను, ఎంఆర్ తో మరాఠీని, టిఇ తో తెలుగును జోడింపవచ్చును. 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నున్న యానామునకు చెందిన కుటుంబములు కొన్ని ఫ్రాన్సులో గలవు. అచట పెరిగిన పిల్లలకై ఫ్రెంచి పుట నొకదానిని ఎఫ్ఆర్ గుర్తుతో చేర్చవచ్చును. కోరంగి రేవునుండి పోయినవారి సంతతి మారిషసులో నేటికిని తెలుగు నేర్చుకొనుచున్నది. వారికై ప్రత్యేకవిషయ మున్నచో టిఇ-ఎంయు పుట యొకటి నిలుపవచ్చును. ఇన్నిటికి ఇన్ని డొమైనులు కొననక్కఱలేదు. ఒకే డొమైనులో భాషకొక అఱ, దేశమునకొక అఱ ఏర్పఱచుట అల్పవ్యయముతో కూడిన పద్ధతి. లంకెల బలమంతయు ఒక్కచోటనే నిలుచును. రుసుమును ఒక్కచోటనే చెల్లింపవచ్చును.

కాలమును ఈ దిశగానే మాఱుచున్నది. గూగుల్ 2017 నుండియే చిరునామాలోని దేశసంకేతమును బట్టి గాక, వెదకువాడున్న చోటును బట్టి ఫలితములు చూపుచున్నది. 2022లో సైటునకు దేశమును నిర్ణయించుకొను పాత సాధనమును తొలగించినది. 2025లో తన దేశసంకేత చిరునామాలను డాట్ కామ్ చిరునామాకు మఱలింతునని ప్రకటించినది. పెక్కు దేశములలో పెక్కు చిరునామాలను నడిపిన సంస్థయే వానిని ఒక్కటి చేయుచుండగా, అల్పాదాయము గల సంఘములు అక్కఱలేని ప్రతులను పెంచుట ఏల?

చేయవలసిన పని

సంఘములు మొదట చేయవలసినది ఒక పట్టిక. సంఘము పేర ఎన్ని డొమైను లున్నవి, వానిని ఎవరి పేర కొనిరి, రుసుము ఎన్నటికి ముగియును, ఏ పుట ఎన్నిచోట్ల నున్నది – ఇవి వ్రాసికొనవలెను. ఉత్సాహవంతుడైన యువకుడు తన పేర డొమైను కొని, ఉద్యోగముపై విదేశమునకు పోయిన పిదప సంఘము తన సైటును తానే సవరింపలేని స్థితి ఏర్పడకుండ, డొమైనులు సంఘము పేరనే యుండవలెను. తరువాత మాఱని పుటలను 301 మఱలింపుతో ఒక్కచోటికి చేర్చవలెను. మాఱు పుటలకు హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తులు పరస్పరముగా నుంచవలెను. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అను ఉచితసాధనమునందు పుట చిరునామా నిచ్చినచో యంత్రము దేనిని మాతృకగా ఎన్నుకొన్నదో చూపును. నిర్వాహకులు చెప్పిన మాతృకయు, యంత్రము ఎన్నుకొన్న మాతృకయు ఒకటేయో కాదో అపుడపుడు చూచుకొనవలెను. ప్రతి సంవత్సరము చేర్పుల ప్రకటనకు క్రొత్త పుట తెఱువక, అదే చిరునామాలో తేదీలు మార్చుట మఱియు మేలు. ఆ చిరునామాకు ఏటేట చేరిన బలము వృథాకాదు.

తాళపత్రములను పరిష్కరించిన పండితునకు కావ్యము తెలియును, కవి తెలియును. ప్రతి దోషమైనను పాఠమును ఊహింపగలడు. ఈ యంత్రమున కట్టి శక్తి తక్కువ. దానికి చెప్పినదే అది వినును, చెప్పనిచో ఊహించును, ఊహ తప్పినపుడు నష్టపడునది చిరునామా వెదకుచున్న ఆ తల్లియు, ఆమె బిడ్డయు. కావున మాతృక యేదో సంఘమువారే నిర్ణయించి స్పష్టముగా తెలుపవలెను.